చెన్నకేశవులు ప్యానెల్

ఆ బుధవారం పొద్దున చెన్నకేశవులు వేసుకున్న పథకం చాలా చిన్నది. చేలో దిగి మిరప మొక్కల్ని ఒకసారి చూసుకోవాలి, రసూల్ కొట్లో టీ తాగాలి, నరసరావుపేటలో ఉండే ఎలక్ట్రీషియన్ అబ్దుల్ మజీద్‌కు ఒక ఫోను చెయ్యాలి, ఎండ ముదరకముందే ఇంటికి వచ్చెయ్యాలి. నాలుగు పనులూ అనుకున్నట్టే అయ్యాయి. కాకపోతే ఆ మూడోది ఇంకెక్కడైనా కూర్చుని చేసుకుని ఉండాల్సింది.

ఆయన సంగతి కొంచెం చెప్పాలి. చెన్నకేశవులు పుట్టు భయస్తుడు. యాభై రెండేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటూ ఇంతవరకు ఎవరి జెండా పట్టుకోలేదు, ఎవరి జీపూ ఎక్కలేదు. ఊరు బెల్లంకొండకు ఆరు కిలోమీటర్లు. అందులో వర్గాలు రెండు. సాగునీటి సంఘం ప్రెసిడెంటు ప్రభాకరరావుది ఒకటి, ఆ కుర్చీ కోసం పదేళ్ళుగా కాచుకుని ఉన్న త్రికోటేశ్వరరావుది రెండోది. ప్రభాకరరావు మనవరాలి ఓణీల ఫంక్షనుకు కేశవులు స్టీలు బిందె పెట్టాడు. తర్వాత నెలలో త్రికోటేశ్వరరావు కొడుకు పంచెల ఫంక్షను వస్తే, అదే కొట్టుకు పోయి, అదే సైజు బిందె అడిగి మరీ తెచ్చాడు. పొద్దున ఒకరి వీధిలో నడిస్తే, సాయంత్రం గుర్తుపెట్టుకుని రెండోవారి వీధిలో నడిచేవాడు.

ఇదంతా నీళ్ళ కోసం. ఆయనకున్న మూడెకరాలూ సాగర్ కుడికాలువ నుంచి చీలే మేజరు కాలువకు చిట్టచివర ఉన్నాయి. పైచేలన్నీ తాగాక మిగిలితే కిందికి వదలాలి. వదిలే తూము తాళం ప్రెసిడెంటు జేబులో ఉంటుంది. దారిలో అడ్డుకట్ట వేసుకునే పలుకుబడి త్రికోటేశ్వరరావుకు ఉంది. ఇద్దరిలో ఏ ఒక్కరికి కోపం వచ్చినా చేను ఎండినట్టే. ఇప్పుడు మిరప పూత మీద ఉంది. ఈ వారంలో ఒక్క తడి పడితే కాయ నిలుస్తుంది, లేకపోతే పూతంతా నేల రాలుతుంది. అది తలుచుకుంటే కేశవులుకు ముద్ద దిగడం లేదు.

పైగా ఆదివారం సంఘం ఎన్నికలు. రైతులు ఆ పొద్దునే పేర్లిచ్చి పన్నెండు మంది సభ్యుల్ని ఎన్నుకుంటారు, ఆ పన్నెండు మందీ కలిసి ప్రెసిడెంటును ఎన్నుకుంటారు. ప్రభాకరరావు ప్యానెల్ అని ఒక గోడ మీద, త్రికోటేశ్వరరావు ప్యానెల్ అని ఎదుటి గోడ మీద రాసేశారు. కేశవులు ఆ రెండు గోడల మధ్య తల వంచుకుని నడుస్తున్నాడు.

ఈ బెంగలు చాలవన్నట్టు ఇల్లొకటి. మొన్నటి వానలకు పాత స్లాబు పెచ్చు ఊడి, భార్య తిరుపతమ్మ తలగడ పక్కన పడింది. ఆవిడ ఆ పూటే గిన్నెలు సర్దేసింది. కొత్త ఇల్లు కట్టుకునేదాకా తలదాచుకోవడానికి, రోడ్డు కాంట్రాక్టరు వాడి వదిలేసిన చక్రాల ఇల్లు ఒకటి దొరికితే కొని తెచ్చి చేను గట్టున నిలబెట్టారు. ఇనప రేకు గోడలు, రెండు గదులు, ఒక వంటిల్లు, కింద చక్రాలు. వాస్తు కుదరకపోతే ఇల్లే తిప్పుకోవచ్చని తిరుపతమ్మ మురిసిపోయింది. కేశవులుకు మాత్రం ఇనుము అనగానే షాకు గుర్తొచ్చింది. కరెంటు ఆఫీసులోనూ అదే మాట అన్నారు. ఇనప ఇంటికి సర్వీసు ఇవ్వాలంటే ముందు సరైన ప్యానెల్ పెట్టించుకోవాలి, లోపలున్న పాతది మాడిపోయింది, అది చెల్లదు అన్నారు. కొత్తది వచ్చేదాకా ఏం చెయ్యాలో వాళ్ళు చెప్పలేదు. దాంతో కేశవులు జన్మలో చెయ్యని పని చేశాడు. పక్క స్తంభం తీగకు కొక్కెం తగిలించి దొంగ కరెంటుతో లైటూ ఫ్రిజ్జూ నడిపిస్తున్నాడు. తొమ్మిది రోజులైంది. ఈ తొమ్మిది రోజులూ జీపు చప్పుడు వినపడితే చాలు, ఆయన లైటు ఆర్పేస్తున్నాడు.

రసూల్ టీ కొట్టు పంచాయతీ ఆఫీసు ఎదురుగా ఉంటుంది. అక్కడ సిగ్నలు సరిగా ఉండదు. అందుకని కేశవులు బెంచీ చివర కూర్చుని, ఒక చెవి మూసుకుని, నరసరావుపేటకు ఫోను లేకుండా కూడా వినపడేటంత గొంతుతో మాట్లాడాడు.

"మజీద్ భాయ్, పాత ప్యానెల్ ఇంక పనికిరాదు. దాంట్లో ఉన్నయ్యన్నీ మాడిపోయినయ్. తీసి అవతల పారేద్దాం."

రసూల్ గరిట తిప్పడం ఆపాడు.

"కొత్తది పెడదాం, నేను ఖాయం చేసుకున్నా. ఆ, పన్నెండు. ఎనిమిది చాలదు, పన్నెండూ ఉండాల. మెయిన్ మటుకు గట్టిది కావాల. కాస్త వేడెక్కంగానే పడిపోయే రకం నాకొద్దు. న్యూట్రలా? అది మన చేతిలోనే ఉండాలగా. యాడన్నా లీకేజీ ఉంటే ఆడికాడికే కట్టయి పోవాల. శనివారం పొద్దున దించేద్దాం." ఆ తర్వాత కొక్కెం గుర్తొచ్చి అటూ ఇటూ చూసి, తన లెక్కలో గొంతు తగ్గించాడు. "అప్పటిదాకా ఇక్కడ నడిచే యవ్వారం బయటికి పొక్కనీయమాక. తెలిసిందంటే నా పని అయిపోద్ది."

వెనక పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. కొట్టు పెట్టినప్పటి నుంచి రసూల్ చేతిలో పాలు పొంగడం అదే మొదలు.

కేశవులు టీ డబ్బులు తీయబోతే రసూల్ చెయ్యి పట్టుకున్నాడు. "నీ కాడ తీసుకుంటానా అన్నా. ఇన్నేళ్ళూ నోట్లో మాట బయటికి రానీయని మనిషివి, ఇయ్యాల తెలిసింది నీ సంగతి."

"ఏం తెలిసింది?" అన్నాడు కేశవులు.

"నేనెవురికీ చెప్పనులే."

రసూల్ మాట మీద నిలబడే మనిషే. ఎవరికీ చెప్పలేదు. టీ తాగడానికి వచ్చినవాళ్ళు అడిగితే జవాబిచ్చాడంతే. పన్నెండు గంటలకల్లా కేశవులు మూడో ప్యానెల్ దించుతున్నాడన్న కబురు ఊరంతా పాకింది. ఆ ఊళ్ళో ప్యానెల్ అంటే మనుషులే. ఇంకో రకం ప్యానెల్ ఉంటుందన్న ఊహ ఎవరికీ రాలేదు.

గురువారం పొద్దున ప్రభాకరరావు మనిషిని పంపాడు, ఒకసారి వచ్చి పొమ్మని. కేశవులు చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకుని బయల్దేరాడు. "ఎందుకు పిలిచాడంటావే?" అని తిరుపతమ్మను మూడుసార్లు అడిగాడు. "నాకేం తెలుసయ్యా, పోతే తెలుస్తది," అని ఆవిడ మూడుసార్లూ ఒకే జవాబు చెప్పింది.

ప్రభాకరరావు వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. ఆ నెమ్మదే భయం.

"రా కేశవులూ. కూచో. నాకంతా తెలిసింది."

కేశవులు కూర్చోలేదు. కొక్కెం సంగతి పొక్కిపోయింది, ఇంక చేను ఎండబెడతాడు, ఆఫీసుకు పట్టిస్తాడు అనుకున్నాడు.

"ఎప్పట్నించి నడుస్తంది ఇది?"

"పది రోజులన్నా. అంతకంటే ఒక్క పూట ఎక్కువ ఉంటే నన్ను చెప్పుతో కొట్టు."

"పది రోజులుగా నడుపుతన్నావు, నా చెవిన పడకుండా," అన్నాడు ప్రభాకరరావు. ఆయన గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. "నీకింత ధైర్యం యాడిదిరా?"

"నాకు యాడిదన్నా. ఇంటిది పట్టుబట్టింది."

"తిరుపతమ్మ గూడా దిగిందా దీంట్లో?"

"ఆమే ముందు. నేను వద్దనే చెప్పా."

ప్రభాకరరావు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళ ఓట్లు కూడా పోయాయన్నమాట. "సరే, పన్నెండూ కుదిరినయ్యా?"

కేశవులుకు కొంచెం ఊపిరి వచ్చింది. ప్యానెల్ సంగతి అడుగుతున్నాడంటే, తాను తప్పు దిద్దుకునే ప్రయత్నంలో ఉన్నట్టు గ్రహించాడని అర్థం. "మజీద్ కుదురుస్తన్నాడన్నా. నాలుగు ఆడి కాడే ఉన్నయ్. మిగతా ఎనిమిదీ గుంటూరు నించి తెప్పిస్తానన్నాడు."

"గుంటూరు నించా?"

"ఇక్కడ దొరికేయి నాసిరకమన్నా. ఎప్పుడు పడిపోతయ్యో తెలవదు."

ఊరివాళ్ళంతా నాసిరకమా అనుకున్నాడు ప్రభాకరరావు. "మెయిన్ ఎవురు?" అన్నాడు.

ఎన్ని ఆంపియర్లు అని అడగాల్సింది ఎవురు అని అడిగాడేమిటని కేశవులుకు అనిపించింది గానీ, పెద్దమనిషి మాటను సరిదిద్దే ధైర్యం లేదు. "అరవై మూడన్నా. మజీద్ నలభై సరిపోద్దన్నాడు. నాకే మనసొప్పలా. నలభై మీద నాకు నమ్మకం లేదు."

త్రికోటేశ్వరరావుకు నలభై ఏళ్ళు. ఊళ్ళో అరవై మూడేళ్ళవాళ్ళలో ఎన్నికలో నిలబడగలిగింది ప్రభాకరరావు సొంత అన్నగారు ఒక్కడే. అన్నదమ్ములిద్దరికీ గట్టు తగాదా ఉండి మాటలు లేవు. అంటే ఇంటి మనిషే వెనక ఉండి ఆడిస్తున్నాడు. ప్రభాకరరావు మొహం వాడిపోయింది. గొంతు ఇంకా మెత్తబడింది.

"నీ చేను ఆఖర్న గదూ కేశవులూ. నీళ్ళు అందుతున్నయ్యా?"

బెదిరింపు వచ్చేసిందనుకున్నాడు కేశవులు. "అందకపోయినా పర్లేదన్నా. నీళ్ళు నువ్వేమీ ఇయ్యమాక. నన్నిట్టా వదిలెయ్యి. శనివారం ప్యానెల్ వచ్చిందంటే అంతా పద్ధతి ప్రకారమే ఉంటది."

ఆయన వెళ్ళిపోయాక ప్రభాకరరావు తన మనుషుల్ని పిలిచి, నీళ్ళిస్తానన్నా వద్దన్నవాణ్ణి తన జీవితంలో చూడలేదని చెప్పాడు.

ఆ సాయంత్రం త్రికోటేశ్వరరావు బుల్లెట్టు మీద నేరుగా చేను గట్టుకే వచ్చాడు. ఆయనకు కాలువ పక్కన కోళ్ళ షెడ్డు ఉంది. పొలం పనికంటే దాని మీదే ధ్యాస. వచ్చీ రాగానే నులకమంచం మీద కూర్చుని, తిరుపతమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, అసలు మాటకు వచ్చాడు.

"మామా, నీకూ నాకూ మధ్యన దాపరికం ఎందుకు. నీ పన్నెండులో నాకొక ఆరు ఇయ్యి. మిగతా ఆరూ నువ్వే ఉంచుకో."

కేశవులుకు వెంటనే కోళ్ళ షెడ్డు గుర్తొచ్చింది. కొత్త ప్యానెల్లో సగం స్విచ్చులు షెడ్డుకు లాక్కుని, ఫ్యాన్లూ బల్బులూ తన సర్వీసు మీద నడుపుకుందామని చూస్తున్నాడు. ఇంతకంటే అన్యాయం ఉందా?

"అట్టా పంచితే లోడు తట్టుకోదు అల్లుడూ."

"లోడు సంగతి నేను చూసుకుంటా."

"పైన ఆఫీసోళ్ళు ఊరుకోరు. ఒకరి పేరు మీద పెట్టి ఇంకొకరు వాడుకుంటే కేసు పెడతారు."

"ఆఫీసరు గూడా నా మనిషే. ఆరొద్దు, నాలుగియ్యి. పైదాకా నేను నిలబెడతా."

కేశవులుకు ఇనప గోడలూ తడికాళ్ళతో తిరిగే భార్యా గుర్తొచ్చి, మొట్టమొదటిసారి ఒక పెద్దమనిషికి ఎదురు చెప్పాడు. "నన్ను ఏమన్నా చెయ్యి అల్లుడూ. నా ప్యానెల్ నాదే. ఒక్కటి గూడా పంచను. మా ఇంట్లో మనిషి ప్రాణంతో పని ఇది."

త్రికోటేశ్వరరావు లేచి నిలబడి కేశవులును కిందనుంచి పైదాకా చూశాడు. ప్రాణం దాకా తెగించినవాడితో బేరం కుదరదు, మంచి చేసుకోవడమే దారి. "సరే మామా. నా వైపు నించి నీకు ఏ అడ్డూ ఉండదు. రేపు పొద్దున్నే నీకే తెలుస్తది," అని బుల్లెట్టు ఎక్కాడు.

"రేపేం చేస్తాడంటావు?" అని కేశవులు ఆ బుల్లెట్టు దుమ్ములోనే కూలబడ్డాడు.

"ఏం చేస్తాడో గానీ, నువ్వు మాట్లాడే మాటలకి ఆళ్ళు చెప్పే జవాబులకి పొత్తు లేదయ్యా. వింటే నాకే తల తిరిగిపోతంది," అంది తిరుపతమ్మ. ఆ ఊళ్ళో ఆ రోజు తెలివిగా వినపడిన మాట అదొక్కటే. దాన్ని కేశవులు పట్టించుకోలేదు.

శుక్రవారం పొద్దున ఆయన కళ్ళు తెరిచేసరికి చేలో గలగలమని చప్పుడు వినపడింది. బయటికి వచ్చి చూస్తే కాలువ నిండుగా వస్తోంది. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఆ కాలువలో మోకాలి లోతు నీళ్ళు చూడలేదు. ఎవరైనా అయితే దండం పెట్టుకునేవాళ్ళు. కేశవులు మాత్రం నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

"ముంచేస్తన్నారే. నా తోట ముంచేస్తన్నారు."

తూము దగ్గరికి పరుగెత్తాడు. ప్రెసిడెంటు గారు రాత్రే చెప్పి పంపారని, షట్టరు పూర్తిగా ఎత్తమన్నారని అక్కడ తూము కాసే లస్కరు చెప్పాడు. వెనక్కి తిరిగి పై మలుపుకు పరుగెత్తాడు. అక్కడ త్రికోటేశ్వరరావు మనుషులు, ఎన్నేళ్ళుగానో ఉన్న అడ్డుకట్టను గడ్డపారలతో తవ్వి పారేస్తున్నారు. ఒకరికి తెలియకుండా ఒకరు, ఇద్దరూ ఒకే పూట ఆయనకు మేలు చేశారు. ఆ రెండు మేళ్ళూ కలిసి కేశవులు మూడెకరాల మీద పడ్డాయి.

మిరపకు తడి కావాలి గానీ నిలవ నీరు పనికిరాదు, వేరు కుళ్ళుతుంది. తోటకు తడి అందగానే కేశవులు పార పట్టుకుని గట్లన్నీ తెంపి నీళ్ళను పక్క చేలలోకి మళ్ళించాడు. ఆ చేలవాళ్ళూ ఆఖరి భూముల రైతులే, వాళ్ళూ పూత చూసి ఏడుస్తున్నవాళ్ళే. మధ్యాహ్నానికి ముప్పై ఎకరాలు తడిశాయి. రైతులు ఒక్కొక్కరే వచ్చి, బురదలో నిలబడి పార మీద వాలిపోయిన కేశవులుకు చేతులు జోడించారు.

"ప్యానెల్ దిగకముందే నీళ్ళు తెప్పించావు కేశవులన్నా. దిగినాక గూడా మాకు ఇట్టాగే ఇస్తావు గదా?"

వీళ్ళకు కూడా కరెంటు కావాల్సి వచ్చిందేమిటని కేశవులు బెంబేలు పడ్డాడు. "ముందు దిగనీయండయ్యా. ఎంత లోడు తట్టుకుంటదో చూద్దాం," అన్నాడు. ఆ మాటకు రైతులు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో అర్థం కాక ఆయనకు చలిజ్వరం వచ్చినంత పనైంది. పూత నిలిచినందుకు సంతోషపడదామన్నా తీరిక లేకపోయింది.

శనివారం పొద్దున ఎనిమిదింటికల్లా చక్రాల ఇంటి ముందు ఊరు ఊరంతా నిలబడి ఉంది. రసూల్ టీ క్యాను తెచ్చి అక్కడే అమ్ముతున్నాడు. ఎవరో పూలదండ కూడా తెచ్చారు. ప్రభాకరరావు జీపు దిగి బురదలో రెండడుగులు వేసేసరికి చెప్పులు రెండూ దిగబడిపోయాయి. తాను వదిలిన నీళ్ళేనని ఎవరితో చెప్పుకుంటాడు, చెప్పుల్ని అక్కడే వదిలేసి ఒట్టి కాళ్ళతో వచ్చాడు. ఇంకోవైపు నుంచి త్రికోటేశ్వరరావు వచ్చాడు. ఎదురెదురుగా నిలబడాల్సి వచ్చినందుకు ఇద్దరూ చేను వైపు చూస్తూ నిలబడ్డారు.

అప్పుడు ఆటో వచ్చింది. అందులోంచి అబ్దుల్ మజీద్ ఒక్కడే దిగాడు, చంకలో అట్టపెట్టెతో. మిగతా పన్నెండు మంది కోసం జనం ఆటో లోపలికి తొంగి చూశారు.

"ఏంది కేశవులు గారూ, ఇంతమంది?" అన్నాడు మజీద్.

"నాకూ తెలవదు భాయ్. నువ్వు తొందరగా దించు," అన్నాడు కేశవులు ఏడుపు గొంతుతో.

మజీద్ అట్టపెట్టె చించాడు. లోపల తెల్లరంగు వేసిన రేకు డబ్బా ఉంది. తలుపు తెరిస్తే వరసగా నల్ల స్విచ్చులు. అందరికీ కనపడేలా పైకెత్తి పట్టుకున్నాడు. "పన్నెండు అరల ప్యానెల్. ఒక్కో అరకి ఒక్కో స్విచ్చి. ఇది మెయిన్. ఇది లీకేజీ స్విచ్చి, కరెంటు ఏ కొంచెం పక్కదారి పట్టినా చిటికెలో ఆపేస్తది. కేశవులు గారూ, అరవై మూడు వద్దని నలభైయే తెచ్చా. మీ వైర్లకి అరవై మూడు పెడితే వైరు కాలినా మెయిన్ పడదు."

పూలదండ తెచ్చినవాడు దాన్ని మెల్లిగా వీపు వెనక్కి చేర్చాడు.

"మరి మనుషులేరి?" అన్నాడు ప్రభాకరరావు.

"ఏ మనుషులన్నా?" అన్నాడు కేశవులు.

ప్రభాకరరావుకు అప్పటికి సగం అర్థమైంది. అర్థమైన సగమే భరించలేక, నిలదొక్కుకోవడానికి పక్కనున్న ఇనప గోడ మీద చెయ్యి ఆనించాడు. కింద తడి నేల, మీద ఇనుము, లోపల ఇన్ని రోజుల దొంగ కరెంటు. మోచెయ్యి దాకా జివ్వుమంది. ఆయన కుప్పించి వెనక్కి దూకి, వెనకే ఉన్న త్రికోటేశ్వరరావు భుజాన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. పదేళ్ళలో వాళ్ళిద్దరూ అంత దగ్గరగా రావడం అదే.

"ఎవరూ ఇల్లు ముట్టుకోమాకండి," అని మజీద్ అరిచి, ఎండు వెదురుకర్ర తీసుకుని పైకి చూశాడు. తీగ మీద కొక్కెం ఊగుతోంది. దాన్ని ఒక్క పోటుతో కింద పడేశాడు. జనమంతా కింద పడిన కొక్కెం చుట్టూ మూగారు.

కేశవులు రెండు చేతులూ ఎత్తేశాడు. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. "తప్పయిపోయింది. ఫ్రిజ్జూ లైటూ అంతే. పన్నెండు రోజులంటే పన్నెండే. నువ్వు పిలిచినప్పుడే ఒప్పుకున్నా గదన్నా."

"నువ్వు ఒప్పుకుంది ఇదా?" అన్నాడు ప్రభాకరరావు, చెయ్యి రుద్దుకుంటూ.

"మరి నువ్వు అడిగింది ఏది?"

దొంగ కరెంటు మీద పెద్దమనుషులిద్దరూ నాలుగు మాటలు మాట్లాడతారని జనం చూశారు. వాళ్ళు మాట్లాడలేదు. ప్రభాకరరావు చేలో మోటారుకూ, త్రికోటేశ్వరరావు కోళ్ళ షెడ్డుకూ కరెంటు ఎలా వస్తుందో జనానికీ తెలుసు, వాళ్ళకూ తెలుసు. కొక్కెం మీద నుంచి చూపులు మెల్లిగా పక్కకు తప్పుకున్నాయి.

మజీద్ ఎవరినీ పట్టించుకోకుండా ప్యానెల్ బిగించాడు. ఎర్తు గుంటలో కడ్డీ దించి, తన వెంట తెచ్చుకున్న బ్యాటరీ డబ్బాతో లీకేజీ స్విచ్చి పరీక్ష చేసి చూపించాడు. టక్కుమని పడింది. తిరుపతమ్మ దగ్గరుండి రెండుసార్లు పడేయించి చూసి, ఇంక ఫరవాలేదని తల ఊపింది. కేశవులుకు నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది. ఆ ఊపిరి వదిలేలోగా ప్రభాకరరావుకు కోపం వచ్చింది.

"ప్యానెలూ లేదు, పాడూ లేదు. మరి నేను తూము ఎందుకెత్తించినట్టు? ఇంక చూడు, మళ్ళీ ఒక్క చుక్క వదిల్తే అడుగు."

"నేను మటుకు? పన్నెండేళ్ళ కట్ట తవ్వించా ఈ రేకు డబ్బా కోసం," అన్నాడు త్రికోటేశ్వరరావు. అన్నాక నాలుక కరుచుకున్నాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది.

అక్కడున్న ముప్పై ఎకరాల రైతులూ ఆ రెండు మాటలూ విన్నారు. తిరుపతమ్మ గడప మీద నిలబడి, ఏ కోపమూ లేకుండా, తెలియక అడిగినట్టు అడిగింది.

"అంటే కాలవలో నీళ్ళు ఎప్పుడూ ఉన్నయ్యా అన్నా? ఇన్నేళ్ళూ పైనుంచే రాటల్లేదని చెప్పారు గదా."

ప్రభాకరరావు చెప్పుల కోసం బురదలో వెతుక్కున్నాడు, ఒకటే దొరికింది. జీపు ఎక్కాక మాత్రం తన మనుషులతో, "డబ్బా చూసి నమ్మారంట్రా? అరవై మూడు అన్నోడు నలభై చూపించాడు. అసలు మనుషుల్ని గుంటూరులోనే దాచాడు," అన్నాడట. బుల్లెట్టు మీద పోతూ త్రికోటేశ్వరరావు కూడా ఇంచుమించు అదే మాట అనుకున్నాడు.

ఆదివారం ఎన్నికలు అయిపోయాయి. ఎవరు గెలిచారన్నది ఊరికి ముఖ్యం గానీ ఈ కథకు కాదు. తూము తాళం ఒక జేబులోంచి ఇంకో జేబులోకి పోయిందో, ఉన్న జేబులోనే ఉందో, మొత్తానికి జేబులోనే ఉంది. కేశవులు తోటలో కాయ నిలిచింది. కరెంటు ఆఫీసువాళ్ళు వచ్చి ప్యానెల్ చూసి, మీటరు బిగించి పోయారు.

ఫిబ్రవరి వచ్చేసరికి రెండో కాపుకు మళ్ళీ తడి కావాల్సి వచ్చింది. కాలువ ఎప్పటిలాగే ఎండిపోయి ఉంది. కేశవులు రెండు రోజులు గట్టు మీద కూర్చుని వాడిన ఆకుల్ని చూశాడు. ఆయనకు బెంగ వేసింది, ఆ తర్వాత తిరుపతమ్మ అడిగిన మాట గుర్తొచ్చింది, తర్వాత బతుకులో మొదటిసారి కోపం వచ్చింది. మూడో రోజు పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని, గుండీలు సరిగ్గా పెట్టుకుని, రసూల్ కొట్టుకు పోయి బెంచీ చివర కూర్చున్నాడు. ఫోను చెవికి ఆనించి, రెండో చెవి మూసుకున్నాడు.

"మజీద్ భాయ్, పన్నెండు చాలటల్లేదు. ఉన్నదాన్ని మధ్యలోనే పీకేసి, ఈసారి పదహారు దించుదాం. ఆ, అరవై మూడే."

వెనక పాలు పొంగిన వాసన వచ్చింది. సాయంత్రానికి కేశవులు చేలోకి నీళ్ళు వచ్చాయి. మజీద్‌కు మాత్రం ఆ ఫోను ఇంతవరకు రాలేదు.